గోపాల్‌పూర్‌లో గాలం: ఉప్పునీళ్లు, మంచినీళ్లు, మధ్యలో మొగ

మీరు అడిగింది ఇదీ. డిసెంబరులో హైదరాబాద్ నుంచి కుటుంబంతో నాలుగు రోజులు ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ వస్తున్నారు. పదకొండేళ్ల బాబుకి గాలం పిచ్చి పట్టింది. ఆన్‌లైన్‌లో ఏడడుగుల రాడ్, 3000 సైజు రీలు కలిపిన సెట్ ఒకటి కొన్నారు. దాంతో సముద్రంలోనూ చెరువులోనూ పట్టొచ్చా, సముద్రానికి వేరే పెద్ద రాడ్ కొనాలా, అక్కడి నోలియా జాలర్లతో బోటు మాట్లాడుకుని లోపలికి వెళ్లొచ్చా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. కొత్త రాడ్ వద్దు. బోటు అసలే వద్దు. నాలుగు రోజుల్లో రెండు రోజులు సముద్రానికీ చెరువుకీ కాకుండా ఉప్పుటేటికి ఇవ్వండి. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి మాలాంటి వాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. గోపాల్‌పూర్ మాకు 15 కిలోమీటర్లు. పాతికేళ్లుగా నా ఆదివారాలు చాలావరకు ఆ ఇసుకలోనే పోయాయి. మీకు ఇంకో సౌకర్యం ఏమిటంటే, అక్కడి జాలర్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఒడియాలో వాళ్లని నోలియాలంటారు, మాట్లాడేది మాత్రం శ్రీకాకుళం తీరపు తెలుగు. కాబట్టి హిందీలో మొదలుపెట్టకండి. పెద్దాయన కనబడితే "తాతా, పొద్దున్న పోటు ఎన్నింటికి?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీరు టూరిస్టు కాకుండా పోతారు.

నేను మొదట్లో చేసిన తప్పు చెబితే సముద్రం సంగతి సగం అర్థమవుతుంది. పన్నెండడుగుల రాడ్, వంద గ్రాముల సీసం కొనుక్కుని, ఎంత దూరం పడితే అంత పెద్ద చేప అనుకుని భుజం ఊడిపోయేలా విసిరేవాణ్ని. మూడు ఆదివారాలు ఒక్కటీ పడలేదు. నాలుగో వారం వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన తలెత్తి, "ఎక్కడికి ఇసిరేస్తన్నావు బావూ? చేప నీ కాళ్లకాడే ఉంటే!" అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన లేచి వచ్చి, చెక్కముక్కకి చుట్టిన నైలాన్ దారాన్ని తల మీద రెండుసార్లు తిప్పి వదిలాడు. ముప్ఫై అడుగులు కూడా వెళ్లలేదు. పది నిమిషాల్లో అరచేయంత గొరస చేప ఒకటి, దాని వెనకే ఇంకొకటి. పైకి తీశాక గురగురమని చప్పుడు చేస్తూ ఇసుకలో ఎగిరాయి.

ఆయన చూసింది, నేను చూడనిది ఇది. ఒడ్డున నిలబడి అలల్ని ఐదు నిమిషాలు ఊరికే చూడండి. అల ఒకసారి దూరంగా విరిగి తెల్లబడుతుంది, తర్వాత కాస్త అణిగి, ఒడ్డు దగ్గర మళ్లీ విరుగుతుంది. మొదట విరిగే చోట కింద ఇసుక దిబ్బ ఉంటుంది. ఆ రెండు తెల్లని గీతల మధ్య నీళ్లు కొంచెం ముదురు రంగులో, నున్నగా కనిపించే పట్టీ ఉందే, అది గుంట. అల ఒడ్డుని కోసినప్పుడల్లా ఇసుకలోంచి బయటపడే పురుగులూ చిన్న పీతలూ అందులోకే జారతాయి. వాటికోసమే చేపలు అంత దగ్గరికి వస్తాయి. నేను విసిరిన సీసం ఆ గుంట దాటి, దిబ్బ కూడా దాటి, ఏమీ లేని చోట పడుతుండేది. మీ ఏడడుగుల రాడ్‌తో ముప్ఫై, నలభై గ్రాముల సీసం ఆ గుంటలోకి సులువుగా వెళుతుంది. అందుకే పెద్ద రాడ్ వద్దన్నాను. అల పెద్దగా ఉన్న రోజున ఆ చిన్న సీసం నిలబడదు, ఒడ్డుకి కొట్టుకొచ్చేస్తుంది. అలాంటి రోజున రాడ్ సంచీలో పెట్టేసి టిఫిన్‌కి వెళ్లిపోవడమే.

కట్టే పద్ధతి సింపుల్. దారం చివర సీసం, దానికి జానెడు పైన ఒక గాలం, ఇంకో జానెడు పైన ఇంకొకటి. గాలాలు 4 లేదా 6 నంబరు చాలు. వెళ్లేముందు చిన్న పట్టకారుతో గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని నొక్కేయండి. నాలుగైదు చేపలు తప్పించుకుంటే తప్పించుకోనీండి. పక్కన పిల్లవాడు రాడ్ తిప్పుతున్నప్పుడు ఆ ముల్లు ఎవరి చెవిలో దిగుతుందో చెప్పలేం. దిగితే ముల్లు లేని గాలం వచ్చిన దారినే వచ్చేస్తుంది, ముల్లున్నది ఆస్పత్రిలోనే వస్తుంది. నా బొటనవేలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

ఎర కోసం ఆన్‌లైన్ ప్లాస్టిక్ పురుగులు కొనకండి. తెల్లవారుతుండగా బోట్లు ఒడ్డుకి వచ్చే చోటికి వెళ్లి, బుట్టల దగ్గర కూర్చున్న అమ్మల దగ్గర చిన్న రొయ్యలు కొద్దిగా, రెండు కవళ్లు తీసుకోండి. "గాలానికి" అని చెబితే చితికినవి చవగ్గా ఇస్తారు. రొయ్య తల తీసేసి, తోక వైపు నుంచి గాలం ఎక్కించి, వంపు వెంట తిప్పి, కొన మాత్రం బయటికి కనబడేలా ఉంచాలి. తొక్క తీయకండి, తీస్తే రెండు అలలకే ఊడిపోతుంది. ఇంకా మంచి ఎర మీ కాళ్ల కిందే ఉంటుంది. అల వెనక్కి పోగానే తడి ఇసుకలో చిన్న చిన్న వి ఆకారపు గీతలు లేస్తాయి. అక్కడ రెండు చేతులతో తోడితే వేలి కణుపంత గుండ్రటి పీతలు, వెనక్కి వెనక్కి దూరిపోతూ దొరుకుతాయి. మీ బాబుకి చేపలకంటే ఇవి పట్టడమే ఎక్కువ సరదాగా ఉంటుందని పందెం కాస్తాను.

ఇక వేళ. ఇక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఈవేళ ఆరింటికి పోటు ఉంటే రేపు సుమారు ఏడింటికి. రోజుకి యాభై నిమిషాల దాకా వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి దగ్గర మందంగా ఉంటాయి. ఒడ్డున గాలానికి పోటు ఎక్కే ఆఖరి రెండు గంటలు, దిగడం మొదలైన మొదటి గంట. అది పొద్దున్నో సాయంత్రమో పడిందంటే మీ అదృష్టం. మిట్టమధ్యాహ్నం పడితే ఎండకి మాడిపోవడం తప్ప ఏమీ ఉండదు. అందుకే హోటల్ బుక్ చేసుకునే ముందు పంచాంగం చూడండి. నవ్వులాటకి చెప్పడం లేదు, నేను సెలవులు అలాగే పెడతాను.

ఒక్క హెచ్చరిక. గోపాల్‌పూర్ ఒడ్డు చాలాచోట్ల ఒక్కసారిగా లోతవుతుంది, అల వెనక్కి లాగే బలం చాలా ఎక్కువ. గాలం వేసేవాడు చేప తగలగానే తెలియకుండానే రెండడుగులు ముందుకి వేస్తాడు. మోకాలు తడిసిందంటే ఆగిపోవాలి. బాబుకి మాత్రం పొడి ఇసుకలో ఒక గీత గీసి, దాని అవతలికి అడుగు పెట్టకూడదని చెప్పండి. వెళ్లే ముందురోజు ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన చూసుకోండి. అది మీ హైదరాబాద్‌లోనే ఉన్న సంస్థ, అల ఎంత ఎత్తుంటుందో తీరం వారీగా ముందే ఇస్తుంది. డిసెంబరు మామూలుగా ప్రశాంతమే. అక్టోబరుని మాత్రం నమ్మను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను సరిగ్గా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత చాలా రోజులు ఇక్కడ గాలం అన్న మాటే ఎవరికీ గుర్తురాలేదు.

ఇప్పుడు అసలు సంగతి, మొగ. ఏరు సముద్రంలో కలిసే చోటుని జాలర్లు మొగ అంటారు. సెలవుకి వచ్చినవాళ్లు సముద్రం ముందు నిలబడతారు, లేదంటే చెరువు వెతుక్కుంటారు. రెండింటి మధ్య ఉన్న ఈ నీళ్లని ఎవరూ పట్టించుకోరు. కానీ మీలాంటి సెట్‌కి, పిల్లవాడికి, నాలుగు రోజుల టైముకి దీన్ని మించిన చోటు లేదు. అల ఉండదు కాబట్టి చిన్న సీసం నిలబడుతుంది. నీళ్లు ఎటు పోతున్నాయో కంటికి కనిపిస్తుంది. సముద్రపు చేపా వస్తుంది, ఏటి చేపా వస్తుంది. రెండు రకాల వేట అని మీరు అడిగారు కదా, ఇక్కడ ఒకే చోట దొరుకుతుంది.

ఏ మొగ అన్నది జాగ్రత్తగా వినండి. ఉత్తరం వైపు రుషికుల్య మొగకి గాలం పట్టుకుని వెళ్లకండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకొద్దీ గుడ్లు పెట్టే చోటు అది. ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపలవేట నిషేధం ఉంటుంది. గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో అయినా, డిసెంబరుకే తాబేళ్లు తీరం దగ్గరికి చేరిపోతాయి. గాలమే కదా అని వాదించి గెలిచే చోటు కాదు, గెలవాల్సిన చోటూ కాదు. అక్కడికి చూడ్డానికి వెళ్లండి. మీరు గాలం వేయాల్సిన చోట్లు రెండు: గోపాల్‌పూర్ పక్కనే ఉన్న ఉప్పుటేరు ఒకటి, దక్షిణాన సునాపూర్ దగ్గర బాహుదా మొగ ఇంకొకటి. బాహుదా మన ఇచ్ఛాపురం మీదుగా వచ్చే ఏరే. ఈ గట్టున ఒడిశా, ఆ వైపు ఆంధ్ర. చేపకి మాత్రం ఆ సంగతి తెలియదు. బరంపురం నుంచి కారులో ఓ గంట పడుతుంది. మొగ ప్రతి ఏడూ ఇసుక మేటలతో జరుగుతూ ఉంటుంది, పోయినేడు నేను కూర్చున్న చోటు ఈ ఏడు నీళ్లలో ఉండొచ్చు. కాబట్టి ఊళ్లో అడిగే వెళ్లండి.

ఇక్కడ వేళ సముద్రానికి రివర్సు. పాటు మొదలయ్యాక, అంటే నీళ్లు సముద్రంలోకి దిగుతున్నప్పుడు కూర్చోవాలి. లోపలి మడ్డి నీళ్లలోంచి రొయ్య పిల్లలు, చిన్న చేపలు ఆ ప్రవాహంతో కొట్టుకొస్తాయి. ఏరు ఇరుకయ్యే చోట, ఒక రాయి పక్కనో పాత కర్ర పక్కనో, పెద్ద చేప మొహం ప్రవాహానికి ఎదురు పెట్టి, కదలకుండా, నోటికి వచ్చింది తినడానికి సిద్ధంగా ఉంటుంది. ఎర దాని ముందుకి కొట్టుకొచ్చేలా చేయడమే మీ పని. సీసం తక్కువ పెట్టి, ప్రవాహానికి పైన వేసి, దానంతట అదే దొర్లుకుంటూ రానివ్వండి. దారం వేలి మీద పెట్టుకుంటే కింద ఇసుక గీసుకోవడం, రాయి తగలడం, రొయ్యని ఏదో ముక్కుతో పొడవడం అన్నీ వేలికి తెలుస్తాయి. మొదటి పొడుపుకి లాగేయకండి. రెండోసారి దారం మెల్లగా పక్కకి వెళ్లిపోతుంది చూడండి, అప్పుడు రాడ్ ఎత్తండి.

ఇక్కడ అందరికీ కల పండుగప్ప. దాని కథ తెలిస్తే మీ ప్రశ్నకి మొత్తం జవాబు అందులోనే ఉంటుంది. అది మంచినీళ్లలో పెరగగలదు, ఉప్పునీళ్లలో బతకగలదు, గుడ్లు పెట్టడానికి మాత్రం మొగ దగ్గరికి రావాల్సిందే. మొదట మగచేపగా ఎదిగి, పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. అందుకే బాగా పెద్ద పండుగప్ప దొరికితే ఫొటో తీసుకుని వదిలేయమని చెబుతుంటాను, అవి దాదాపు అన్నీ ఆడవే. ఈ మాటకి మా స్నేహితులు నన్ను ఎగతాళి చేస్తారు, ఫర్వాలేదు. డిసెంబరు చలికి అది కాస్త బద్ధకంగా ఉంటుంది, ఆశ ఎక్కువ పెట్టుకోకండి. బతికున్న రొయ్యని కాస్త పెద్దదైన 1/0 గాలానికి తోక దగ్గర గుచ్చి, దారం చివర మందపాటి నైలాన్ రెండడుగులు కట్టి వేయండి. ఆ చేప దవడ, చెంప అంచులు సన్నదారాన్ని కోసేస్తాయి. ఎక్కువగా పడేవి మాత్రం చిన్న పారలు, గొరసలు, ఒంటి మీద నల్లచారలతో కీచుమనే చిన్నచేపలు. గుంపులు గుంపులుగా నీటిపైన తిరిగే చేపలు కనిపిస్తాయి, కొయ్యంగలు, ఒడియా వాళ్ల ఖైంగా. వాటికోసం గంటలు పాడుచేసుకోకండి. అవి అడుగున బురదలో నాచు తినేవి, రొయ్య వైపు చూడను కూడా చూడవు. నేను చూసి చూసి విసిగిపోయాను.

చిలికా సంగతి అడుగుతారని తెలుసు. ఆ సరస్సు ఒడ్డున ఉన్న రంభ మీకు గంటన్నర లోపు. వెళ్లండి, పడవెక్కండి, పీతల కూర తినండి, రాడ్ మాత్రం గదిలో వదిలేయండి. చిలికాలో ఏ నీళ్లలో ఎవరు వేటాడాలన్నది జాలర్ల సొసైటీల మధ్య తరతరాలుగా నడుస్తున్న లెక్క. రొయ్యల కట్ల మీద అక్కడ జరిగిన గొడవలు చిన్నవి కావు. మనకి ఖాళీ నీళ్లలా కనిపించేది ఇంకొకరి పొలం.

మంచినీళ్లకి వద్దాం. సరదాగా చెప్పాలంటే డిసెంబరులో చెరువు చేప లేటుగా నిద్ర లేస్తుంది. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు చలిలో తిండి తగ్గించేస్తాయి. పొద్దున ఆరింటికి చెరువు గట్టున కూర్చుంటే దోమలు తప్ప ఏమీ కుట్టవు. పది దాటి ఎండ నీళ్లలోకి దిగాక, మూడు లోపు, ఎండ పడే గట్టు వైపు వేయాలి. మీకిది మంచిదే. తెల్లవారుజామున సముద్రం, టిఫిన్, పదకొండింటికి చెరువు. రెండూ ఒక్కరోజులో పడతాయి.

ఏ చెరువు అంటే పేరు చెప్పను. బరంపురం చుట్టూ ఊరూరా చెరువులున్నాయి, దాదాపు అన్నీ పంచాయతీ నుంచి ఎవరో ఒకరు లీజుకి తీసుకున్నవే. మీ హోటల్ వాళ్లనో ఆటో అతన్నో అడిగితే లీజుదారు ఎవరో తెలుస్తుంది. ముందే వెళ్లి, పడినవాటికి కిలో ఇంత అని మాట్లాడుకోండి. మాట్లాడకుండా కూర్చుంటే అది దొంగతనమే, పట్నంవాళ్లని తెలిస్తే ఇంకా గట్టిగా అరుస్తారు. ఛత్రపురం దగ్గర తంపారా సరస్సు పెద్ద మంచినీటి సరస్సు, ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో ఉంది. పిల్లలతో సాయంత్రం గడపడానికి బాగుంటుంది. గాలం మాత్రం అక్కడి వాళ్లు సరేనంటేనే.

చెరువుకి బెండు కట్టండి. మొగ దగ్గర వేలు చేసే పని ఇక్కడ బెండు చేస్తుంది. ముద్ద ఎర ఇలా కలుపుకోండి: తవుడు సన్న సెగ మీద వాసన వచ్చేదాకా వేయించి, నానబెట్టిన ఆవ చెక్క, కాస్త మైదా, కొంచెం బెల్లం కలిపి, చపాతీ పిండికంటే కొద్దిగా గట్టిగా పిసకాలి. వేలితో నొక్కితే పగలకూడదు, నీళ్లలో పావుగంటకి కరగాలి. మొదట అదే ముద్ద నాలుగు ఉండలు మీరు కూర్చునే చోటుకి ఎదురుగా విసిరి అరగంట ఆగండి. ఆ అరగంట మీ బాబుకి యుగంలా ఉంటుంది, వాడికి వేరే చిన్న గాలం, ఎర్రలు ఇచ్చి గట్టు పక్కన కూర్చోబెట్టండి. తిలాపియాలు నిమిషానికొకటి పడతాయి. శీలావతి తిన్నప్పుడు బెండు మునగదు, ముందు చిన్నగా వణుకుతుంది, ఒక్కోసారి పక్కకి పడుకుంటుంది. అదే దాని సంతకం. కొర్రమీను కావాలంటే తామరాకులున్న గట్టు, చిన్న కప్పో కప్పలాంటి బొమ్మో కావాలి. చలికాలంలో దానికి కూడా మూడ్ ఉండదు.

డ్యాముల దగ్గరికి వెళ్లాలనుకుంటే ఒక మాట. దిగపహండి వైపు ఘోడాహాడా జలాశయంలో మొసళ్లున్నాయి. గట్టు మీద ఎండకి పడుకుని కనిపిస్తాయి కూడా. నీళ్ల అంచున గొంతుక్కూర్చుని చేప కడిగే అలవాటు అక్కడ పనికిరాదు. కొరాపుట్ వైపు జలాపుట్, కొలాబ్ జలాశయాలు నాకు చాలా ఇష్టం, కానీ నాలుగు రోజుల్లో అవి కుదరవు, దానికి వేరే సెలవు పెట్టండి.

బోటు ఎందుకు వద్దన్నానో చెప్పలేదు. డిసెంబరు సముద్రం చూస్తే అద్దంలా ఉంటుంది, నిజమే. ప్రమాదం లోపల కాదు, వచ్చేటప్పుడు. ఇక్కడ చేపల బోట్లకి హార్బరు లేదు, ఫైబర్ బోటు అలలు విరిగే చోట గుండానే ఒడ్డెక్కాలి. ఒకసారి నేను, ఇద్దరు స్నేహితులు తెలిసినవాళ్ల బోటులో వెళ్లాం. లోపల నాలుగు గంటలు, అందులో రెండు గంటలు నేను వాంతులు చేసుకుంటూనే ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు వెనక అల ఒకటి బోటుని అడ్డంగా తిప్పేసింది. బోల్తా పడలేదు కానీ రాడ్లు, ఐస్ బాక్సు, ఒక స్నేహితుడి కళ్లజోడు అన్నీ సముద్రం తీసుకుంది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఎవరికీ లేదు. నడిపినాయన ఏమీ కానట్టు ఇంజిన్ ఎత్తేసి బీడీ వెలిగించాడు. ఆయనకది రోజూ ఉండేదే, పుట్టినప్పటినుంచి ఆ అలలే. నా కాళ్లు మాత్రం సాయంత్రం దాకా వణికాయి. చేపల బోటు టూరిస్టుల కోసం కట్టింది కాదు, ఏమైనా జరిగితే మీకూ ఆయనకీ ఇద్దరికీ ఇబ్బందే. పైగా తాబేళ్ల నిషేధం సంగతి చెప్పాను. దానికి తోడు పక్కనే గోళబంధలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, ఫైరింగ్ ప్రాక్టీసు ఉన్నరోజుల్లో జాలర్లనే సముద్రంలోకి వెళ్లొద్దంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేట బంద్, అది మీకు వర్తించదు కానీ వేసవిలో వద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి.

పడిన చేపని గాలం నుంచి తీసే ముందు అదేమిటో చూడండి. సముద్రపు జెల్లకి వీపు మీద ఒకటి, రెండు పక్కల చెరొకటి రంపపు ముళ్లుంటాయి. చేపని పట్టుకోగానే ఆ మూడూ నిటారుగా బిగుసుకుంటాయి. నాకు ఒకసారి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య కండలో దిగింది. నొప్పి మోచేతి దాకా పాకి, అక్కణ్ణుంచి చంకలోకి ఎక్కింది. టీ బండి ఆయన గిన్నెలో వేడినీళ్లు పోసి చెయ్యి అందులో పెట్టించాడు. నొప్పి ఐదు నిమిషాల్లో తగ్గడం మొదలైంది. అది చిట్కా వైద్యం కాదు, ఆ విషం వేడికి చెడిపోతుంది. టేకు చేప తోక ముల్లు గుచ్చుకున్నా అదే పని. ఒళ్లు కాలిపోకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర, ఆ తర్వాత డాక్టరు, టెటనస్ ఇంజెక్షన్. లోపల ముల్లు ముక్క ఉండిపోతే వారం తర్వాత చెయ్యి వాస్తుంది. కాబట్టి ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్లడం నాకు అలవాటైంది, టీ కూడా పెట్టుకోవచ్చు.

ఉప్పుటేట్లో ఒక బొద్దుచేప పడుతుంది, పైకి తీయగానే గాలి మింగి బంతిలా ఉబ్బుతుంది. పిల్లలకి మహా ముచ్చట. దారం కోసి వదిలేయండి, వండకండి, కుక్కకి కూడా వేయకండి. దాని విషం ఉడికించినా వేయించినా పోదు. ఇక తాబేలు దారానికి చిక్కుకున్నా, ఒడ్డున చచ్చి కనిపించినా ముట్టుకోకుండా అటవీశాఖకి చెప్పండి. తెగిపోయిన నైలాన్ దారం ఇసుకలో వదిలేయకండి. జేబులో కుక్కుకోండి.

తినే సంగతి. పడిన చేపని బకెట్లో నీళ్లలో వేసి ఎండలో తిప్పితే సాయంత్రానికి కూరకి పనికిరాదు. ముఖ్యంగా కానాగంతలు, వంజరం లాంటివి వేడికి చెడితే వండాక కూడా ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, పొట్ట శుభ్రం చేసి ఐసులో పెట్టండి. ఐసు బోట్లు వచ్చే చోటే దొరుకుతుంది. బీచ్ దగ్గర చిన్న హోటళ్లలో అడిగితే మీ చేప వేయించి పెట్టేవాళ్లు ఉంటారు. పులుసు కావాలా, ఆవపెట్టిన బేసర కావాలా అని ఒక్కమాట ముందే చెప్పండి. ఇక్కడి వంటవాళ్ల చేతిలో ఆవఘాటు మన నాలుక్కి కొంచెం ఎక్కువే. ఒక మెలిక ఏమిటంటే, మార్గశిర మాసపు గురువారాల్లో ఒడియా ఇళ్లలో లక్ష్మీపూజ, ఆరోజు చాలామంది నీచు ముట్టరు. మీ సెలవులో అలాంటి గురువారం పడితే, ఇంటి వంటలాంటి హోటల్లో చేప ఇచ్చి ఇబ్బంది పెట్టకండి. నవంబరులో వచ్చేవాళ్లకి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కార్తీకం ఆఖరి ఐదురోజులు కొంగ కూడా చేప ముట్టదని ఇక్కడ నమ్మకం. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, ఆరోజు మాత్రం చేపల బజారులో కాలు పెట్టలేం, ధరలూ అలాగే ఉంటాయి. నేను ఆ ఉదయం తప్పకుండా మొగ దగ్గర ఉంటాను, కొనే ఖర్చు తప్పించుకోడానికి.

రీలు సంగతి మర్చిపోయాను. సముద్రం నుంచి రాగానే హోటల్ బాత్రూమ్‌లో డ్రాగ్ (దారం ఎంత బిగువుగా బయటికి వెళ్లాలో సర్దే మర) బిగించి, పైనుంచి మంచినీళ్లు సన్నగా పోసి, గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఇసుకలో పెట్టడం అసలు వద్దు. చిన్న పీవీసీ గొట్టం ఒకటి కొని తెచ్చుకుంటే ఇసుకలో గుచ్చి రాడ్ అందులో నిలబెట్టుకోవచ్చు. ఆరాక, మర్నాటికి డ్రాగ్ మళ్లీ వదులు చేయండి. చేత్తో దారం లాగితే కొంచెం బిగువుగా, ఆగకుండా రావాలి. మొదటిరోజు చాలామందికి చేప తప్పిపోయేది ఇక్కడే.

మీరు వచ్చే తేదీలు చెబితే పోటు వేళలు చూసి, ఏ పూట ఉప్పుటేరు, ఏ పూట బాహుదా అన్నది రాస్తాను. బాబు టోపీ, పాత చెప్పులు మర్చిపోకండి. మొగ దగ్గర నత్త గుల్లలు పాదాలు కోసేస్తాయి.